నాకు చదివి వినిపించారు

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు, మంగళవారం, పొద్దున పదిన్నర. ఎదురుగా బట్టల కొట్టులో గోడ గడియారం ఒక్క గంట కొట్టింది. ఆ గంట ఇప్పటికీ నా వెంటే ఉంది. ఇన్నేళ్లు ఈ బరువు మోశాను. మా ఆవిడకు చెప్పలేదు, ఆమె పోయింది. కొడుకులకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు కాబట్టి చెబుతున్నాను.

నేను వరంగల్ బజారులో గిన్నెలకు కళాయి వేసేవాణ్ణి. రోడ్డు పక్కన నేలలో చిన్న పొయ్యి, దానికి ఒక తోలుతిత్తి, కూర్చోవడానికి గోనెపట్టా. అదే దుకాణం. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

నా పక్కనే గాజులవ్వ గంప పెట్టుకునేది. పేరు హుసేన్‌బీ. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవగా వినలేదు. ఆమెకు ఒక్కడే కొడుకు, చాంద్. పోలీసు చర్య అయిన ఏడాది, పదిహేడేళ్ల వయసులో మేనమామ వెంట కరాచీ పోయాడు. పన్నెండేళ్ల తర్వాత పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద, మూడు నెలల వీసాతో తల్లిని చూడడానికి వచ్చాడు. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. గాజు కొలత చేత్తో తడిమి చెప్పగలిగేది, రంగు మాత్రం పక్కవాళ్లను అడిగేది. చాంద్ వచ్చాక రంగులు అతనే చెప్పేవాడు.

మూడు నెలలు అయిపోయాయి. తల్లి దగ్గర ఇంకొంత కాలం ఉండనిమ్మని సుబేదారిలోని జిల్లా ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు. జవాబు వచ్చేదాకా ఉండవచ్చు అన్నారట. దరఖాస్తు అందినట్టు వాళ్లిచ్చిన చీటీ ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. అతను దాక్కోలేదు. రోజూ నడిబజారులో గంప పక్కన కూర్చునే మనిషి ఏం దాక్కున్నట్టు?

ఆ మంగళవారం తల్లి గిన్నె కళాయికి తెచ్చాడు. ఊరికే ఉండలేక నా తిత్తి ఊదుతున్నాడు. అప్పుడు జీపు వచ్చి ఆగింది. పరదేశీల కాగితాలు చూసే ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు. వెంట ఠాణా జమేదారు, కాగితాలు రాసే రైటరు. బజారులో పోయేవాళ్లను ఆపి, ఏ ఊరు, వీసా ఉందా అని అడగసాగారు. గడ్డం ఉన్నవాళ్లను ముందు ఆపారు.

అట్లాంటిది మేమెప్పుడూ చూడలేదు. జనం మూగారు. మిరపకాయలు అమ్మడానికి వచ్చిన రైతు ఒకడు ముందుకు పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాయి గూడ సూడున్రి సారూ. మరిపెడ నుంచి వచ్చిన. వీసా లేదు."

అందరూ నవ్వారు. బట్టల కొట్టు రామలింగం సేటు గద్దె మీది నుంచే కసిరాడు. "నవ్వుతరేందిరా? సూడనియ్యున్రి. ఎవడు యాడికెల్లి వచ్చిండో తెల్వద్దా?"

కూరగాయల లచ్చమ్మ ఊరుకునే మనిషి కాదు. "గట్లనా సేటూ? నీ కొట్ల గుడ్డలు యాడికెల్లి వచ్చినయో ముందుగాల జెప్పు."

మళ్లీ నవ్వులు. చాంద్ కూడా నవ్వుతూనే లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, గిన్నె జర సూడు, మాడిపోతది. ఇప్పుడే వస్త," అని నాతో చెప్పి జీపు దగ్గరికి నడిచాడు. నడిచాడు. ఈ మాట కావాలనే రెండోసారి రాస్తున్నాను.

పాస్‌పోర్టు చూడగానే నవ్వులు ఆగిపోయాయి. చాయ్ హోటల్ మల్లయ్య అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డవాడు, గ్లాసులు కడగడానికి లోపలికి పోయాడు. లచ్చమ్మ తోటకూర మీద నీళ్లు చల్లుతూ తల ఎత్తలేదు. చాంద్ చీటీ చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. వీసా గడువు దాటిందా లేదా అన్నదే చూశారు వాళ్లు.

జమేదారు నన్ను పిలిచాడు. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలట. రైటరు రాసింది పైకి చదివాడు: "సదరు పాకిస్తానీ బజారులో దాగి ఉండి, పోలీసులను చూసి పరుగెత్తగా వారు వెంబడించి పట్టుకొన్నారు. మేము కళ్లారా చూచినాము."

"ఉరకలే గద సాబ్. నా తిత్తి కాడనే కూసుండె," అన్నాను. మెల్లగా అన్నాను.

జమేదారు నా పొయ్యి వైపు చూశాడు. "సర్కారు రోడ్డు మీద పొయ్యి పెట్టినవ్. రేపు ఈడ ఉండాల్నా, తీసెయ్యాల్నా?" తర్వాత రైటరుతో అన్నాడు: "ఇంకోపారి సదువు. ఈనికి సమజ్ కాలే."

రైటరు ఇంకోసారి చదివాడు. నాకు మొదటిసారే సమజ్ అయింది.

వేలిముద్రకు ఇంకు తీయబోతుంటే, "ఎందుకయ్యా, ఈని వేలికి మసి ఉన్నది గదా," అన్నాడు జమేదారు. ఎవరో నవ్వారు. వేలు పెట్టాను. చాంద్ నా వైపు చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. "అన్నా, గిన్నె," అన్నాడు. అప్పటికే వాసన వస్తోంది.

రెండు వారాలకు అతన్ని సరిహద్దుకు పంపించారు. పారిపోయే మనిషికి గడువు పెంచరట. ఆ తర్వాత ఎన్నిసార్లు వీసా అడిగినా ఆ కాగితమే అడ్డం వచ్చిందని విన్నాను.

గాజులవ్వ ఆ రోజు దర్గాకు పోయింది. మర్నాడు వచ్చి నా ముందు కూర్చుంది. "వేలు నువ్వే పెట్టినవట. అండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?"

"నాకు సదువు రాదు గదా అవ్వా," అన్నాను.

"గట్లయితే నీ తప్పేమున్నది," అంది.

ఆ మాట ఆమె ఎవరికి చెప్పింది? అక్షరం రాని ఒక అమాయకుడికి. అలాంటివాడు ఆ రోజు అక్కడ లేడు. ఆ తర్వాత ఆమె బతికిన నాలుగేళ్లు, గాజుల రంగులు నన్నే అడిగింది. ఎరుపు అవ్వా, ఆకుపచ్చ అవ్వా అని చెప్పేవాణ్ణి. ఒక్కసారైనా తప్పు రంగు చెప్పలేదు. దాంతో ఏదో తీరుతుందనుకున్నానా? అనుకున్నాను. తీరలేదు.

యాభై దాటాక పెద్దవాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నేను వేలు పెట్టిన సంగతి బజారులో విన్న పంతులు ఒకరోజు అందరి ముందూ చెప్పాడు: చూడండి, చదువు రాకపోతే ఇట్లాంటి పెద్దమనిషి చేత కూడా దొంగ కాగితం మీద వేలు వేయించుకుంటారు. అందరూ అయ్యో అన్నారు. నేను పలక మీద గీతలు దిద్దుతూ ఊరుకున్నాను. జమేదారుకు భయపడ్డాను, పొయ్యి పోతుందని భయపడ్డాను, అది నిజమే. మరి ఆ బడిలో ఎవరికి భయపడ్డాను?

పొయ్యి మాత్రం నిలిచింది. ఇంకా ఇరవై ఏళ్లు అక్కడే కళాయి వేశాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లను రాసి ఆపేస్తాను. హైదరాబాదు ఆఫీసరు, జమేదారు, రైటరు. వీళ్ల పేర్లు నేను అడగలేదు. చాయ్ హోటల్ మల్లయ్య. కూరగాయల లచ్చమ్మ. రామలింగం సేటు. రెండో సాక్షిగా సంతకం పెట్టిన అతని గుమాస్తా సత్తయ్య. మరిపెడ రైతు, పేరు తెలియదు. హుసేన్‌బీ కొడుకు చాంద్. కళాయి పొయ్యి దగ్గర నేను. నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండుసార్లూ విన్నాను.