ఓబులమ్మక్క కనకాంబరాలు

నిన్న పొద్దుమూకంగ తొలి వాన పడ్డది బిడ్డా. గోడ పొంటి కనకాంబరాల ఎండు కంకులున్నయి గద, తడి తగలంగనె చిట్ చిట్‌మని పగిలినయి. గింజలు ఎగిరొచ్చి నా కాళ్ల మీద పడ్డయి. ఆ చప్పుడు ఫోన్‌ల విని "అమ్మమ్మా, ఏం వేయిస్తున్నవ్?" అని నవ్వినవు మేఘనా. అవి పూలమొక్కలని చెప్పిన. అప్పుడే నువ్వు, పుణేల మా కొత్త ఫ్లాట్ బాల్కనీకి ఏ పూలు పెట్టాలె, ఏటేటా కొనే పని లేకుండ ఒక్కసారి పెడితె ఉండిపోయేవి చెప్పు, అన్నవు. వాన తగ్గినంక చెప్త అని ఫోన్ పెట్టేసిన. ఎందుకంటె ఆ జవాబు నాది కాదు, ఓబులమ్మక్కది. ఆమెను నువ్వు చూడలె, నీ తమ్ముడు చూడలె.

మన నానక్‌రామ్‌గూడ ఇంటికి తూర్పు దిక్కు, గోడకు గోడ ఆమె ఇల్లు. అనంతపురం దిక్కు మనిషి, నాకంటె జర పెద్ద. కొడుకు సురేంద్ర ఇక్కడ కంపెనీల చేరినంక జాగ కొని, తన పేరు మీద ఇల్లు కట్టి తల్లిని తెచ్చుకున్నడు. ఆమె మాట్లాడితె గల్లీ చివరి దాంక వినిపించేది. నేనేమో ఇట్లనె, మెల్లగ. "ఏమ్మే, నీ గొంతు కిరాయికిచ్చినావా?" అని గోడ మీది నుంచి ఎగతాళి చేసేది. నాకు కోపం రాకపోయేది. ఎవరేం చెప్పినా తల ఊపే మనిషిని అప్పుడు నేను. నన్ను గంత సూటిగ అడిగింది ఆమె ఒక్కతే.

ఒకనాడు నర్సరీల కంటికి నచ్చిందల్లా ఆటోల ఏసుకొచ్చిన. బంతి, గులాబి, మల్లె, ఇంకా ఏవేవో. ఆమె గోడ మీద మోచేతులు ఆనిచ్చి చూసింది. "అంగడంతా మోసుకొచ్చినావే! యాడ పెడతావు?"

"ఖాళీ ఉన్నకాడ పెడత అక్కా."

"ఖాళీ ఉంటే సాలదుమే. ఆ చోటు ఏమడుగుతాందో ముందు చూడు. బంతి సుట్టం లాంటిది, పండక్కొచ్చి పోతాది. మనకు కాపురముండే పూలు కావాల."

తెల్లారి ముగ్గుపిండి డబ్బా ఇచ్చి నన్ను వాకిట్ల కూసోబెట్టింది. పొద్దుగాల నీడ ఎక్కడ ఆగితె అక్కడ ఒక గీత, మిట్టమధ్యాన్నం ఇంకో గీత, పొద్దు వాలంగ మళ్లొకటి. పాలాయన చూసి "ఏందమ్మా, ముగ్గు మరిచిపోయినవా?" అని నవ్విండు. పొద్దుమూకినంక ఓబులమ్మక్క వచ్చి గీతల నడుమ నిలవడి, పెండ్లిల చుట్టాలను కూసోబెట్టినట్టు ఒక్కొక్క మొక్కకు జాగ చూపించింది. దినమంతా ఎండ కాసేకాడ మల్లె, గన్నేరు. నల్లా నీళ్లు నిలిచేకాడ మెట్టతామర. పొద్దటి ఎండ తగిలి, మధ్యాన్నం నీడ పడేకాడ కనకాంబరం. అప్పటిసంది నేను ఏ పనికైనా గట్లనె చూసుడు నేర్చుకున్న. మీ అమ్మకు సంబంధం వస్తె అందరు పిల్లగాణ్ణి చూసిండ్రు. నేను వాళ్లింట్ల ఒక పూటంతా కూసొని, కోడండ్లు ఎక్కడ కూసొని తింటున్నరో చూసొచ్చిన.

ఆమె ప్రాణమంతా తన ఇంటి తూర్పు పక్క కనకాంబరాల మడిల ఉండేది. దినాం సాయంత్రం కట్టి, తన తల్లో పెట్టుకోని, మిగిలిన మూర గోడ అవతలి నుంచి నా మీదికి ఇసిరేది. కొడుకు ఇల్లు అమ్ముదామన్నప్పుడల్లా "తోట బతికున్నన్నాళ్లు నేను కదల" అనేది. ఆయన కూడ "సరే, తోట ఉన్నన్నాళ్లు అమ్మనులే" అని మాటిచ్చిండు.

తర్వాత వాళ్లింటికి తూర్పున అద్దాల బిల్డింగ్ లేచింది. కొన్నాళ్లకే కనకాంబరం ఆకులు అంచులు మాడి అప్పడాల లెక్క అయినయి. పురుగనుకోని వేపనూనె కొట్టింది. ఒకనాడు మధ్యాన్నం నన్ను కేకేసింది. పోతె, మడిల నిలవడి కిందికి చూస్తున్నది. "పొద్దు యాడుండాది మే?"

"పడమట, ఇంటెనక."

"మరి నా నీడ పడమటికే పడతాందే!"

నిజమే. పొద్దు వాలినంక ఆ అద్దాలు ఎండను పట్టి వెనకకు కొడుతున్నయి. నీడ ఉండాల్సినకాడ మంట. "దేవుడిచ్చింది ఒక పొద్దు. ఇంకోటి ఎవరిచ్చినారు?" అన్నది.

ఆమె ఊకోలె. మళ్ల ముగ్గుపిండి తీసి, ఆ దొంగ ఎండకు కూడ గీతలు గీసింది. కనకాంబరాలను తన చేత్తోనె పీకి, బతికేటట్టున్నవి నాకిచ్చింది. వాటి జాగల గన్నేరు, బిళ్ళగన్నేరు, కాగితపూలు పెట్టింది. చలికాలానికి ఆ మడి నిండ పూలే. అద్దాల మీద గెలిచింది. కాని ఆమె తల బోసిగ ఉండె. అవేవీ తల్లో పెట్టుకునేటివి కావు గద. "తోట బతికిందిమే," అన్నది, "నా కొప్పు సచ్చింది."

సంక్రాంతి దాటినంక సురేంద్ర కొనేటోళ్లను తీసుకొచ్చిండు. చాయ్ ఇయ్యనీకి నేను కూడ అక్కడనె ఉన్న. ఓబులమ్మక్క పూల దిక్కు చెయ్యి చూపింది. "తోట బతికే ఉండాది గదరా. మాటిచ్చినావు."

ఆయన నవ్విండు. "నువ్వే అంటావు గదమ్మా, చోటు ఏమడుగుతాందో చూడమని. ఈ చోటు ఇప్పుడు బిల్డింగ్ అడుగుతాంది."

వచ్చినోళ్లు కూడ నవ్విండ్రు. మంచి మాట అన్నడని ఒకాయన మెచ్చుకున్నడు. గల్లీల అందరి నోళ్లు మూయించిన మనిషి, తన మాట తననె కొట్టంగ, కాగితపూల దిక్కే చూసుకుంట నిలబడ్డది.

ఇల్లు అమ్మి, ఆమెను నిజాంపేటల హాస్టళ్ల నడుమ ఫ్లాట్‌కు తీసుకపోయిండ్రు. నేను చూడబోతూ కనకాంబరం మొలకలు పట్టుకపోయిన. ఆమె బాల్కనీ ముందట, చెయ్యి చాపితె అందేటంత దగ్గర, పక్క బిల్డింగ్ గోడ. "ఎండ రాకపోతె ఏమాయె అక్కా, ఇవి నీడకు సాగుతయి" అన్న. ఆ మొలకలను ఒళ్లో పెట్టుకోని సముదాయించినట్టు నిమిరి, నా సంచిల పెట్టేసింది.

"నీడంటే ఎండ పక్కన ఉండేది మే. ఇది చీకటి. ఈట్ని ఈడ పెడితే ఉసురు తగులుతాది."

ఆమె గొంతు నా గొంతు కంటె చిన్నగ ఉండె. మళ్ల వానలకు ముందే పోయింది.

ఆమె ఇల్లున్న జాగల లేచిన బిల్డింగ్ మన వాకిలికి నీడ పడుతున్నది. అద్దాల ఎండ ఇటు రాకుండ అదే అడ్డం. పొద్దు పైకెక్కినంక జరంత ఎండ తగిలి, మధ్యాన్నం మన ఇంటి నీడ పడ్తది. కనకాంబరానికి గంతకంటె మంచి జాగ ఉండదు. నిన్న నువ్వు విన్న చప్పుడు, ఆమె ఇచ్చిన మొక్కలదే. మస్తు పూస్తున్నయి. కడుత, కాని తల్లో పెట్టుకోబుద్ధి కాదు.

నీ బాల్కనీల ఒక దినం ఊకె కూసో బిడ్డా. ముగ్గు లేకపోతె చాక్‌పీసుతోనన్న నీడ అంచుకు గీతలు గీయి. ఎదురుంగ అద్దాలుంటె ఆ ఎండకు కూడ గీయి. నీడైతె కనకాంబరం పెట్టు, గింజలు నేను పంపిస్త. చీకటైతె ఏం పెట్టకు. ఎట్ల ఎంచుకున్నవని ఎవరన్న అడిగితె గీతలు చూపెట్టు, చాలు. చోటు ఏమడుగుతుందో చూసిన అని మాత్రం ఎవరితోని అనకు.