అదే మెయిల్ నాకు ముందే వచ్చింది

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తేటప్పుడు అది నాతోనే ఉంటుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడూ ఉంటుంది. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సిద్దిపేటలో పాత బస్టాండు దగ్గర నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, దరఖాస్తులకు అతికించే ఫోటోలు. డిగ్రీ చదివాను. ఇంగ్లీషు బాగానే వస్తుంది. మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా చదివించుకోవడానికి నా దగ్గరికే తెచ్చేవారు. ఆ గౌరవం నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

శ్రీశైలం మిరుదొడ్డి మనిషి. తండ్రి కల్లు గీస్తాడు. కరెంటు పనులు చేసుకుంటూ, పెళ్లయ్యాక, ఫోటోల పని నేర్చుకుంటానని నా దగ్గరికి వచ్చాడు. నేర్పాను. మనస్ఫూర్తిగానే నేర్పాను, ఆ మాట నిజం. మూడేళ్ల తర్వాత నాతో చెప్పి, నా చేతనే రిబ్బను కత్తిరింపజేసి, మెదక్ రోడ్డులో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. నన్ను అన్నా అనే పిలిచేవాడు. పండగలకు ఇంటికి వచ్చేవాడు.

మరి ఎప్పుడు మొదలైంది? ఒక రోజు అని చెప్పలేను. ఒకసారి చిన్నకోడూరు నుంచి పెళ్లివాళ్లు వచ్చి, అడ్వాన్సు నా బల్ల మీద పెడుతూ, శ్రీశైలం ఆ తారీఖుకు ఖాళీ లేడట, అందుకే ఇటు వచ్చామని అన్నారు. వాళ్లు మామూలుగానే అన్నారు. నేనే మామూలుగా తీసుకోలేకపోయాను. ఆ తర్వాత అతని ఫోటోలు ఎక్కడ కనిపించినా ఆగి చూసేవాణ్ని. మెచ్చుకోవడానికి కాదు. తప్పు పట్టడానికి.

ఒక వేసవిలో అతను తన తండ్రి ఫోటో తీశాడు. తాటిచెట్టు మొదట్లో వెల్లకిలా పడుకొని తీసినట్టున్నాడు. పై నుంచి మోకు పట్టుకొని ముసలాయన దిగుతున్నాడు. ముఖం కనబడదు. రెండు పాదాలే ఫోటో నిండా ఉంటాయి. అరికాళ్ల చర్మం తాటి బెరడులాగే నల్లబడి, పగిలి, ఏది కాలో ఏది చెట్టో ఒక్క క్షణం తెలియదు. ఆ ఫోటో అందరి ఫోన్లలో తిరిగింది. పేపరులో జిల్లా పేజీలో వేశారు. నా కస్టమర్లే నా కొట్టులో కూర్చొని నాకు చూపించారు. నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆకాశం కొంచెం ఎక్కువ తెల్లబడింది. నాకు దొరికిన తప్పు అదొక్కటే.

ఇప్పుడు ఇంకొకటి చెప్పాలి. అంతకు ఏడాది ముందు జరిగింది. దీన్ని కూడా ఎవరికీ చెప్పలేదు.

నాకొక మెయిల్ వచ్చింది. ప్రియమైన విజేతా అని మొదలైంది. లండన్‌లో ఏదో అంతర్జాతీయ ఫోటోల పోటీలో మీకు మొదటి బహుమతి వచ్చింది, పెద్ద మొత్తం ఇస్తాం, సన్మానం చేస్తాం, ముందుగా నమోదు రుసుము చెల్లించండి అని రాసి ఉంది. నేను ఏ పోటీకీ ఫోటో పంపలేదు. అది నాకు గుర్తుంది. గుర్తుండి కూడా, నా ఫోటో ఎవరో ఎక్కడో చూసి పంపి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు రోజులు విజేతగా తిరిగాను. అద్దంలో కూడా వేరేగా చూసుకున్నాను. ఇంట్లో చెప్పకుండా రుసుము కట్టాను. వారం తిరగకముందే, బహుమతి సొమ్ము విడుదల కావాలంటే ఇంకో పన్ను కట్టాలని మళ్లీ మెయిల్ వచ్చింది. దాన్ని కట్టడానికి బ్యాంకుకు వెళితే, కౌంటరులో కూర్చున్నావిడ నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. మెయిల్ తీయించి ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. మీ పేరు ఎక్కడుంది అని అడిగింది. అంత పెద్ద సంస్థకు సొంత చిరునామా లేదా, ఎవరైనా ఉచితంగా తెరుచుకునే మెయిల్ నుంచి ఎందుకు పంపింది అని అడిగింది. మూడు రోజుల్లో కట్టాలని తొందర ఎందుకు, ఎవరికీ చెప్పొద్దని ఎందుకు అని అడిగింది. ఇచ్చేవాళ్లయితే ఇచ్చే దాంట్లోంచే రుసుము పట్టుకోవచ్చు కదా సార్ అంది. ఒకటి కడితే ఇంకొకటి అడుగుతారు, మీరు ఆపేదాకా అడుగుతూనే ఉంటారు అంది.

నేను తల దించుకొని బయటికి వచ్చాను. పోయిన డబ్బు గురించి కాదు బాధ. ఆ మూడు రోజుల గురించి. ఇంటికి రాగానే ఆ మెయిల్ చెరిపేశాను.

ఇక శ్రీశైలం సంగతి.

పేపరులో ఫోటో వచ్చిన నెలకో ఏమో, మధ్యాహ్నం పూట వచ్చాడు. చెమటలు కక్కుతూ, బండి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికి వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

“అన్నా, జర గిది సదివి చెప్పు. నాకు సగమే సమజైతుంది.”

తండ్రి పాదాల ఫోటో పైనే ఉంది. దాని కింద, అంతర్జాతీయ పోటీలో మొదటి బహుమతి అని ఉంది. అది చదివాక నాకేమైందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వీడికా అనుకున్నాను. ఎంతోమందికి నేర్పాను, ఇన్నేళ్లు తీశాను, నాకు రానిది వీడికా? ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. అప్పుడే నా కళ్లు ఇంకొంచెం కిందికి వెళ్లాయి. ప్రియమైన విజేతా. నమోదు రుసుము. మూడు రోజులు. ఎవరికీ చెప్పవద్దు. నాకు వచ్చినప్పుడు ఒక మాటలో అక్షరం తప్పు ఉండేది. ఆ తప్పు కూడా అలాగే ఉంది.

మోసమని తెలిసింది. తెలియగానే నాకు కలిగింది జాలి కాదు. సంతోషం. ఒళ్లంతా చల్లబడిన సంతోషం. వీడికేం రాలేదు.

“నిజమేనా అన్నా?”

“నిజం లెక్కనే ఉన్నది.”

“మా ఆమె నమ్ముతలేదన్నా. బహుమతి ఇచ్చెటోళ్లు ఉల్టా మనల్నే పైసలు అడుగుడేంది అంటుంది.”

ఆమె ఎక్కువ చదువుకోలేదు. బ్యాంకు ఆవిడ నాకు చెప్పిన మాటే చెప్పింది. ఆమె మాట విను అంటే సరిపోయేది. చిన్న మాట. అది అనడానికి నాకు ఎంతసేపు పట్టేది?

“బయటి దేశపోళ్ల పద్ధతులు గట్లనే ఉంటయి తమ్మీ. పెద్ద పోటీలల్ల ఫీజు ఉంటది. ఆమెకేం ఎరుక.”

“నువ్వు చెప్పినంక ఇగ ఆలోచనేంది అన్నా,” అని నవ్వాడు. వంగి నా కాళ్లకు దండం పెట్టబోయాడు. నేను ఆపాను. ఆపిందొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

అప్పుడు నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను, అది నాకు బాగా గుర్తు. నేను పోగొట్టుకున్నంతే వాడూ పోగొట్టుకుంటాడు, రెండో మెయిల్ రాగానే తెలుసుకుంటాడు, సిగ్గుపడతాడు, నోరు మూసుకుంటాడు, ఆ తర్వాత మేమిద్దరం సమానం అవుతాం అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా, లేక అలా అనుకున్నానని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నానా? ఎందుకంటే రెండో మెయిల్ వచ్చినప్పుడు కూడా అతను నా దగ్గరికే వచ్చాడు. ఇంకా కట్టమంటున్నారన్నా అని నసిగాడు. ఇంత కట్టినంక ఇడిసిపెడ్తవా అన్నాను. నేనే అన్నాను. అప్పుడు నన్నెవరూ తొందరపెట్టలేదు. కొట్టులో మేమిద్దరమే ఉన్నాం.

నాకు బ్యాంకు ఆవిడ దొరికింది. అతనికి నేను దొరికాను.

ఎవరికీ చెప్పవద్దన్న మాట అతను పాటించలేదు. తండ్రికి చెప్పాడు. తండ్రి కల్లు దుకాణం దగ్గర అందరికీ చెప్పాడు. ఊరి యువజన సంఘం వాళ్లు ఫ్లెక్సీ కట్టారు. శ్రీశైలం ముసలాయనకు తెల్ల ధోవతి కొని, చొక్కా కుట్టించాడు, లండన్‌లో సన్మానానికి ఇద్దరికీ పిలుపు వస్తుందని. మెయిల్ వాళ్లు బీమా అన్నారు, వీసా అన్నారు, బ్యాంకు విడుదల రుసుము అన్నారు. ప్రతిసారీ ఇదే చివరిది అన్నారు. భార్య అతనితో మాట్లాడటం మానేసింది. చివరికి కెమెరా, లెన్సులు కరీంనగర్‌లో ఎవరికో అమ్మేశాడు. లండన్ నుంచి వచ్చాక కొత్తది కొంటానన్నాడు. ఆ మాట నాతో అంటున్నప్పుడు అతని ముఖం చూడాలి మీరు. అప్పుడైనా చెప్పాల్సింది. అప్పటికి చెబితే, మొదట ఎందుకు చెప్పలేదని అడుగుతాడని భయపడ్డాను. అసూయతో మొదలుపెట్టినదాన్ని భయంతో కొనసాగించాను.

తర్వాత మెయిళ్లు ఆగిపోయాయి. వాళ్లిచ్చిన ఫోన్ నంబరు పనిచేయలేదు. పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు పోయిన వెంటనే వస్తే ఆపించే వీలుండేదని, ఇన్ని నెలలకు వస్తే కష్టమని చెప్పారట. ఇన్ని నెలలు ఎందుకు ఆగాడో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

స్టేషన్ నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నా ముఖం చూసి, ఏమనుకున్నాడో ఏమో, లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వేం జేస్తవన్నా. నీకు గూడ తెల్వకపాయె. నా గురించి పరేషాన్ గాకు.”

నన్ను ఓదార్చాడు.

స్టూడియో ఖాళీ చేశాడు. కిరాయికి ట్రాలీ ఆటో తీసుకొని కూరగాయల లోడు తోలుతున్నాడు. అతనికి రావాల్సిన పెళ్లిళ్లు నాకు వచ్చాయి. తీశాను. మిరుదొడ్డిలో కూడా తీశాను. ఒక పెళ్లిలో అతని తండ్రి కనిపించాడు, పందిరి చివర ఒక్కడే కూర్చొని. కల్లు దుకాణం దగ్గర లండన్ ఎప్పుడు పోతవని ఆటపట్టించడం మొదలుపెట్టాక ఆయన నలుగురిలో కూర్చోవడం మానేశాడని ఎవరో చెప్పారు. ఆ వైపు కెమెరా తిప్పలేదు నేను.

ఎందుకు చేశాను? ఫోటో బాగుందనా? బాగుంది, నిజమే. ఇరవై ఏళ్లలో నేను అలాంటిది ఒక్కటీ తీయలేదు. కానీ అదొక్కటే కాదనిపిస్తుంది ఈ మధ్య. నాకు ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను ఒంటరిగా సంతోషపడి ఒంటరిగా సిగ్గుపడ్డాను. అతను సంతోషపడితే తండ్రితో సహా ఊరంతా సంతోషపడింది. మోసపోయినప్పుడు కూడా, ఒకరి భుజం మీద చెయ్యి వేయగలిగాడు. నేను అతని కలను చూసి కూడా ఓర్వలేకపోయానేమో.

ఇప్పుడు నా కొట్టుకు ఎవరైనా అలాంటి మెయిల్ తెస్తే వెంటనే చెబుతాను. మీ పేరు లేదు చూడండి, పంపని పోటీకి బహుమతి రాదు, ముందు డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి, ఇంట్లోవాళ్లకు చూపించండి అని. ఆమధ్య తొగుట నుంచి వచ్చిన ఒక టీచరు కట్టబోయి ఆగిపోయింది. చేతులు జోడించి దండం పెట్టింది. ఆమె వెళ్లాక నాకు అన్నం సయించలేదు. ఆ మాటలన్నీ శ్రీశైలానికి చెప్పాల్సిన రోజు కూడా నాకు తెలిసినవే.

పోయిన నెల అతను కూతుర్ని తీసుకొని వచ్చాడు, కాలేజీ దరఖాస్తుకు ఫోటో కావాలని. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాను. “అన్నా, ఎడమ దిక్కు జర నీడ పడ్తుంది,” అన్నాడు వెనక నుంచి. నిజమే. లైటు జరిపాను. పిల్ల నవ్వింది. ఆ నవ్వు తీశాక అతని వైపు తిరిగాను. నిజం నోటిదాకా వచ్చింది. పది నిమిషాల్లో ఇస్తానన్నాను. టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు.

అతనికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తుందని మీకు మాట ఇవ్వను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. అది మోసమని నాకు తెలుసు. తెలిసే కట్టమన్నాను. ఈ రెండు వాక్యాలను ఇన్నేళ్లలో నా మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు, సగంలోనే ఆపేసేవాణ్ని. ఇప్పుడు చివరిదాకా రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.