పీస్లీ షిల్లింగు కింద చీటీ

ఏసా థేయర్ బోస్టన్ దగ్గరి ఎసెక్స్‌లో కళ్ళద్దాల దుకాణం నడిపాడు. ఊళ్ళో సగం మంది అతని అద్దాల్లోంచే చదువుకున్నారు. తన కళ్ళు మాత్రం పైన్ చెట్టు షిల్లింగులకు ఇచ్చేశాడు. మూడు వందల ఏళ్ళ కిందట బోస్టన్‌లో చేత్తో కొట్టిన వెండి నాణేలు. అన్నిటి మీదా ఒకే చెట్టు, ఒకే సంవత్సరం. కాని అచ్చు అరిగినప్పుడల్లా కొత్తది చెక్కారు, చెక్కినప్పుడల్లా చెయ్యి కాస్త తప్పింది. ఒక కొమ్మ తక్కువ, ఒక చుక్క ఎక్కువ. నాణేలు సేకరించే మేం ఏరుకునేది ఆ తప్పుల్నే.

మా నాణేల సంఘంలో ఎవరికి అనుమానం వచ్చినా ఏసా కుర్చీ దగ్గరికే వెళ్ళేవారు. అతనికి పెళ్ళి లేదు, చర్చిలో పదవి లేదు. ఉన్న గౌరవం అదొక్కటే.

అమ్మకపు బల్ల మీద అరుదైన అచ్చు కనబడితే నోరు మూసుకుని కొనుక్కోవచ్చు. అది తెలిసినవాడి హక్కు. ఎవరైనా నాణెం చేతిలో పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం తెలిసింది చెప్పాలి. దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

1974 మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం, చర్చి కింది గదిలో, ఆరిన్ పీస్లీ తన ఇంట్లో తరాలుగా ఉన్న షిల్లింగు తెచ్చాడు. ఆరిన్ పడవలు కట్టే వడ్రంగి. నేను పక్క కుర్చీలో కూర్చుని సమావేశం వివరాలు రాసుకుంటున్నాను.

"ఏమోయ్ థేయర్, ఇది మామూలుదేనా? నువ్విచ్చిన అద్దాలు పెట్టుకున్నా నాకు చెట్టు కనబడటం లేదు, చీపురు కనబడుతోంది."

"అద్దాల తప్పేం లేదు. మీ ఇంట్లో ఏ వస్తువు సరిగ్గా ఉంది గనక?"

ఏసా దాన్ని భూతద్దం కింద పెట్టాడు. నాణెం అరిగిపోయింది, అంచు వంగింది. చెట్టు వేళ్ళ కింద రెండు చుక్కలున్నాయి. ఆ అచ్చువి అప్పటికి మూడే బయటపడ్డాయి. ఇరవై ఆరేళ్ళుగా అతను నాలుగోదాని కోసం వెతుకుతున్నాడు.

"మామూలుదే," అన్నాడు.

ఆ చుక్కల సంగతి నాకు తర్వాత అతనే చెప్పాడు.

వారం తిరగకుండా మార్పిడి జరిగింది. ఏసా తన దగ్గరున్న నిండు చెట్టు షిల్లింగు, అంచు చెదరనిది, ఇచ్చి అరిగినదాన్ని తీసుకున్నాడు. ఆరిన్‌కు సిగ్గేసింది. స్నేహితుడి మెతకతనాన్ని వాడుకున్నానని అనుకున్నాడు. అక్కణ్ణించి ఆ రుణం తీర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆదివారం ఆల్చిప్పల కూర తెచ్చాడు. కిటికీ చట్రం బాగుచేశాడు. భార్య వండిన బీన్స్ కుండతో సహా పంపాడు. ఏసా ప్రతిసారీ థాంక్స్ చెప్పాడు. బీన్స్ తినలేకపోయాడు, పారెయ్యలేకపోయాడు.

మాలో ప్రతి నాణెం కిందా గుండ్రటి చీటీ ఉంటుంది. ఎవరి దగ్గర్నుంచి, ఎప్పుడు, ఎలా వచ్చిందో అందులో రాస్తాం. మనిషి పోయినా చీటీ నాణెంతో వెళుతుంది. ఏసా చీటీ కత్తిరించాడు. రెండు నెలలు తెల్లగానే ఉంచాడు.

మే నెలలో ఆరిన్ అడగకుండానే వచ్చి ఏసా వాకిలి మెట్లు సరిచేస్తున్నాడు.

"ఆరిన్, ఆ పని ఆపు."

"ఏం, వంకరగా వచ్చిందా?"

"నీ షిల్లింగు మామూలుది కాదు. ఆ రోజే నాకు తెలుసు."

ఆరిన్ నోట్లో పట్టుకున్న మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

"అలాంటివి ఎన్నున్నాయి?"

"దీంతో నాలుగు."

"నేను నీకు అన్యాయం చేశానని రెండు నెలలుగా మా ఆవిడ దగ్గర గోల పెడుతున్నాను. అది నవ్వింది. థేయర్‌ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదంది. నీ తరఫున దాంతో దెబ్బలాడాను కదటయ్యా!"

ఏసా షిల్లింగు తెచ్చి చెయ్యి చాపాడు. ఆరిన్ ముట్టుకోలేదు.

"మార్పిడి మార్పిడే. మా తాత ఒకసారి గుడ్డి గుర్రాన్ని మార్చుకు తెచ్చుకున్నాడు. అది చచ్చేదాకా మేపాడు గాని, వెనక్కి తోలుకెళ్ళలేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"చీటీలో ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు."

"అయితే రాయి. నేను చూస్తుండగా."

చీటీ నాణెమంత వెడల్పు. ఏసా మెట్టు మీద కూర్చుని, చిన్న అక్షరాలతో రాశాడు: ఆరిన్ పీస్లీ నుంచి, మార్చి 1974, మామూలుదని అబద్ధం చెప్పి.

ఆరిన్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. తిరిగి ఇచ్చాడు. మిగిలిన మేకులు కొట్టి, పని ముగించి వెళ్ళాడు.

జూన్ సమావేశంలో ఏసా ఆ షిల్లింగును చీటీతో సహా ఒకరి తర్వాత ఒకరు చూడమని ఇచ్చాడు. అందరూ ముందు నాణెం చూశారు, తర్వాత చీటీ చదివారు. పక్కవాడికి అందించారు. నేను వివరాల్లో "ఒక అరుదైన అచ్చు చూపబడింది" అని మాత్రం రాశాను.

సెప్టెంబర్‌లో ఆరిన్ ఎక్కడో కొన్న, బోస్టన్‌లోనే ఆ కాలంలో కొట్టిన ఆరు పెన్నీల నాణెం తెచ్చాడు. ఏసాకు తలూపి పలకరించి, అతని కుర్చీ దాటుకుని వెళ్ళి, ఆ ఏడే చేరిన బ్యాంకు గుమాస్తాకు చూపించాడు. గుమాస్తా పుస్తకం తిరగేసి దాని మీదున్నది ఓక్ చెట్టన్నాడు. కాదు, అంతకన్నా ఎంతో అరుదైన విల్లో చెట్టు. రెండు కుర్చీల అవతల నుంచే ఏసాకు తెలిసింది. నా వైపు చూశాడు. చేతులు మోకాళ్ళ మీదే ఉంచుకున్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు.