నాలుగు గంటల దూరం

విమానం తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. రెండు వేల మూడు, అక్టోబరు, ఉదయం ఏడున్నర. చండీగఢ్‌లో చొక్కాతో ఎక్కినవాడికి గంట తర్వాత లేహ్‌లో రెండు స్వెట్టర్లూ చాలలేదు. గాలి పలచన, రెండు రోజులు మంచం దిగొద్దని డాక్టరు ఆర్డరు. పుంగనూరు వాణ్ణి, పడుకోవడమే డ్యూటీ అంటే వద్దంటానా?

వారం తర్వాత సరిహద్దు మీద సైన్యం పోస్టుకి పంపారు. పద్నాలుగు వేల అడుగులు. ఇసుక బస్తాల బంకరు, కిరోసిన్ పొయ్యి. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. మా రేడియో ఆపరేటరుది మదనపల్లె. వాడి దగ్గర పాత విమానాల టైం టేబుల్ ఉండేది. సెలవు రాకముందే దాంట్లో ఇంటికి చేరిపోవడం మా బంకరు ఆట. లేహ్ నుంచి ఢిల్లీకి గంటా ఇరవై నిమిషాలు. ఢిల్లీ నుంచి బెంగళూరుకు రెండు గంటల నలభై. మొత్తం నాలుగు గంటలు. ఎన్నిసార్లు కూడుకున్నామో ఆ లెక్క.

ఫిబ్రవరిలో కుప్పంలో, అత్తగారింట్లో, నాకు కూతురు పుట్టింది. సెలవు దొరికింది. లేహ్ చేరి నా భార్యకు ఫోన్ చేశాను.

"ఎల్లుండి ఇరవై ఒకటో దినం. పేరు నువ్వే రాయాల. అంతలోకి వస్తావా?"

"నాలుగు గంటలే కదా. రేపు పొద్దున ఎక్కితే సాయంత్రానికి ఆడుంటా."

ఎంత ధీమాగా చెప్పానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ఐదింటికే సామాను కట్టి కూర్చున్నాను. మబ్బు కొండలు వదల్లేదు. తొమ్మిదింటికి విమానం రద్దు. మధ్యాహ్నం గాలికి అక్కడ విమానాలు దిగవు, అంటే ఆ రోజు పోయినట్టే. రెండో రోజూ అంతే. ట్రాన్సిట్ క్యాంపు వైర్‌లెస్ సెట్ మీద, పైన పోస్టులో ఉన్న మా ఆపరేటరును పట్టుకున్నాను.

"మబ్బు సంగతి నీ టైం టేబుల్లో లేదేమప్పా? ఓవర్."

"అది అచ్చేసినోడు లేహ్ సూసుండడప్పా. ఓవర్."

నవ్వాను. తర్వాత దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఆ రోజే ఇరవై ఒకటో రోజు.

ఐదో రోజు విమానం లేచింది. గాల్లో గడిపింది సరిగ్గా నాలుగు గంటలే. బెంగళూరులో రైలెక్కి, దీపాలు పెట్టే వేళకు కుప్పంలో దిగాను. పేరు పెట్టేసి ఉంటారనుకున్నాను.

"పెద్దోళ్ళు సెప్తే ఇనలేదప్పా నీ పెండ్లాము," అంది మా అత్త. "మీ మామను ఒక్క అక్షరమే రాయనిచ్చినాది."

నా భార్య పళ్ళెం మీద బోర్లించిన చేట తీసింది. బియ్యంలో 'మా' అని ఉంది. నా కూతురు మాధవి. మిగతా రెండు అక్షరాలు నాకోసం ఆగాయి.

కూర్చుని వేలు పెట్టాను. మంచుకు నల్లబడి పగిలిన వేలు. బియ్యం తగిలినట్టే తెలియలేదు. కళ్ళతో చూసుకుంటూ రాశాను. పగుళ్ళలో నూకలు ఇరుక్కున్నాయి. నా భార్య నా చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, తల వంచి, ఒక్కొక్క నూకా గోటితో తీస్తూ కూర్చుంది.