వద్దన్న మనిషి బొమ్మ

ఏడేళ్లుగా ఒక వాక్యం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంగ్లీషు వాక్యం, నేనే టైపు చేసింది. పట్టుమని పది పదాలు ఉండవు. దాని సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి, మదీనాగూడలో ఒక పాత ఇంట్లో పై వాటా అద్దెకి తీసుకున్నాం. కింది వాటాలో సిస్టరమ్మ ఉండేది. అసలు పేరు రాయను. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి గల్లీ అంతా అలాగే పిలిచేది. జహీరాబాద్ వైపు మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు.

గచ్చిబౌలిలో నాది టెస్టింగ్ ఉద్యోగం. ఎదుటివాళ్లు రాసిన దాంట్లో తప్పులు వెతకడమే పని. సిస్టరమ్మ చేసిచ్చిన అవిసెగింజల కారప్పొడి ఒకసారి లంచ్ డబ్బాలో పట్టుకెళ్లాను. మర్నాడు పక్క టీమ్ వాళ్లు స్పూన్లు పట్టుకుని వచ్చారు. అలా మొదలైంది. ఆవిడ వంటింట్లో ఇద్దరం కలిసి వేయించి, దంచి, గాజు సీసాల్లో పోసి ఆఫీసుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ అమ్మేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి నేను ఉద్యోగం మానేసి బాలానగర్‌లో ఒక షెడ్డు తీసుకున్నాను. మెషీన్లు కొన్నాక కూడా గింజ వేగిందో లేదో చెప్పాల్సింది సిస్టరమ్మే. చిటపట వింటూ నిలబడి "చాలు" అనేది. అంటే స్టవ్ ఆపేయాల్సిందే.

సీసా మీద బొమ్మ కూడా ఆవిడదే. ఒకరోజు ఆవిడ మిరపకాయల ఘాటుకి ముక్కుకి కట్టుకున్న కొంగు కిందికి లాగి, నేనేదో అంటే పగలబడి నవ్వుతుంటే ఫోన్‌లో ఫోటో తీశాను. డిజైన్ చేసే స్నేహితురాలు దాన్ని చూసి గీతల బొమ్మ వేసింది. ముడి, కళ్లద్దాలు, గడ్డం మీద పుట్టుమచ్చ. చూపిస్తే సిస్టరమ్మ సిగ్గుపడిపోయి, "గింత మంచిగున్ననా నేను?" అని రెండుసార్లు అడిగింది.

తర్వాత అమెరికా వచ్చిపడింది. డల్లాస్‌లో మనవాళ్ల దుకాణాలకి సరుకులు సరఫరా చేసే ఒకాయన మా పొడులు తీసుకుంటానన్నాడు. రుచి కంటే ముందు ఆయనకి బొమ్మ నచ్చింది. ఇలాంటి పొడులు అక్కడ బోలెడున్నాయి, జనం ఈ నవ్వు చూసే చెయ్యి పెడతారు అన్నాడు. కాకపోతే ముందు పేరునీ బొమ్మనీ కలిపి అక్కడ ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించమన్నాడు. లేకపోతే ఇంకెవడో చేయించుకుంటాడు, ఆ తర్వాత మా సరుకు మేమే అమ్ముకోలేం. మాదాపూర్‌లో ఆ పనులు చూసే లాయర్ల ఆఫీసుకి వెళ్లాను. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదని, దేశం మారితే మళ్లీ మొదటినుంచీ చేసుకోవాలని అప్పుడే తెలిసింది.

దరఖాస్తు పెట్టిన కొన్ని నెలలకి అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఈ బొమ్మ బతికున్న మనిషిదా? అయితే ఆ మనిషి ఒప్పుకుంటున్నట్టు సంతకం పంపండి. కాకపోతే, కాదని రాసివ్వండి. అంతే.

ఇదీ ఒక సమస్యేనా అని నవ్వుకున్నాను. కాగితం ప్రింట్ తీసుకుని, పెన్ను కూడా పట్టుకుని కిందికి దిగాను. సిస్టరమ్మ మెట్ల దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. మొత్తం చదివింది, రెండో పేజీ కూడా. మడిచి నా చేతికిచ్చింది.

"వద్దు బిడ్డా."

"అదేంటండీ? సీసాల మీద ఉన్న బొమ్మే కదా!"

"ఈడ సీసాలు. కడిగి మళ్ల తెస్తరు. ఆడికి కవర్లల్ల పోతదంటివి గదా. చింపుతరు, చెత్తల పడేస్తరు. ముక్కు మొహం తెల్వనోళ్ల ఎంగిలి మెతుకులల్ల నా మొహం పడుడు నాకు మంచిగనిపిస్తలేదు."

"బొమ్మే కదండీ సిస్టరమ్మా. మీరు కాదుగా."

ఆవిడ తలెత్తి చూసింది. "నేను కాకుంటే మరి నా సంతకమెందుకు అడుగుతున్నరు?"

నేను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను.

"పువ్వు బొమ్మ పెట్టుకో బిడ్డా. పొడి నేను చేసిస్త. మొహం వద్దు," అని మళ్లీ చేటలోకి తలవంచుకుంది.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది కానీ, వచ్చింది. చదువుకున్న మనిషికి ఇదేం చాదస్తం అనుకున్నాను. పది రోజులు నిద్రపట్టక నలిగిపోయి ఆ పని చేశానని మీకు చెప్పాలని ఉంది. లేదు. మర్నాడు పొద్దున్నే ఇడ్లీ తింటూ లాయర్‌కి మెయిల్ పెట్టాను. ఆ బొమ్మ బతికున్న ఏ మనిషిదీ కాదు అని. ఊహించి గీయించింది అని ఇంకో ముక్క కూడా కలిపాను, ఎవరూ అడక్కపోయినా.

ఎందుకు చేశాను? డల్లాస్ ఆయన చేజారిపోతాడన్న భయమా? ఉద్యోగం వదిలేసి వచ్చినదాన్ని, ఓడిపోతే పాత ఆఫీసు వాళ్ల ముందు తలెత్తుకోలేనన్న పరువా? రెండూ ఉన్నాయి. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. ఆవిడ వద్దనగలదని నేనసలు అనుకోలేదు. నా షెడ్డులో పనిచేసే మనిషి, నేను తీసిన ఫోటో, నేను గీయించిన బొమ్మ. ఆ మొహం కూడా నాదేనని లోలోపల ఎప్పుడో రాసేసుకున్నాను. మెయిల్ పెట్టడం ఆ తర్వాతి సంగతి.

సర్టిఫికెట్ వచ్చింది. ఆ వాక్యం దాని మీదే అచ్చయి ఉంది. ఫ్రేము కట్టించి షెడ్డులో పెడదామని మా ఆయన అంటే, గోడ చెమ్మగా ఉందని దాటవేశాను. అమెరికా కవర్ల మీద పువ్వు బొమ్మ వేయించానని సిస్టరమ్మకి చెప్పాను. ఆ కవర్లు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లిపోయాక, వెనక గదిలో కట్టించేదాన్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. రోజూ వచ్చింది, పొయ్యి దగ్గర నిలబడింది, "చాలు" అంది.

పోయిన వానాకాలం కిడ్నీలు పాడై దవాఖానలో పడింది. నాలుగు రోజులు పక్కనే కూర్చున్నాను. చెప్పేయాలని ప్రతిరోజూ అనుకున్నాను. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, "నువ్వులు ఎండబెట్టినవా?" అని అడిగింది. పెట్టానండి అన్నాను. కళ్లు మూసుకుంది. అప్పుడు చెప్పొచ్చు. గదిలో ఇంకెవరూ లేరు కూడా. చెప్పలేదు. ఐదో రోజు తెల్లవారకముందే పోయింది.

సమాధి అయ్యాక, జహీరాబాద్ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. ఆ చెల్లెలి కూతురు కూడా నర్సే, అమెరికాలో ఉంటుంది. ఆ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ అమ్మాయి కూడా దుకాణానికి వెళ్తుందని, పొడి కొనుక్కుంటుందని మాత్రం ఒక్కసారి తట్టలేదు. తప్పులు పట్టి బతికినదాన్ని!

అలమారలో చీరల కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. చెల్లెలు మూత తీసి చూపించింది. లోపల మా కవర్ల మీది బొమ్మలు. ఒక్కొక్కటీ కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, నూనె మరక లేకుండా తుడిచి, దొంతరగా పెట్టి ఉన్నాయి. పెద్దమ్మ మొహాన్ని చెత్తలో వేయబుద్ధికాక ఆ అమ్మాయి దాచిపెట్టి, ఇక్కడికి వచ్చినప్పుడల్లా తెచ్చి ఇచ్చేదట.

"అక్క దీస్కొని లోపల పెట్టుకునేది. ఏమనకపోయేది," అంది చెల్లెలు. "ఇగ వీటినేం జెయ్యాలె బిడ్డా? పారెయ్యమంటవా?"

అన్నిటికంటే అడుగున ఉన్న బొమ్మ చుట్టూ అరిటాకు పచ్చ రంగుంది. అది మేం మొట్టమొదట పంపిన కవరు. అంటే మొదటినుంచీ తెలుసు. అన్నీ తెలిసే నా పొయ్యి దగ్గర నిలబడింది. ఎందుకు అడగలేదు? క్షమించిందా? అలా అనుకుంటే హాయిగా ఉంటుంది, అందుకే అనుకోను. ఒకసారి వద్దంటే విననిదానికి రెండోసారి చెప్పడం దండగ అనుకుందేమో. నా అంతట నేనే చెబుతానని ఎదురుచూసిందేమో. ఈ రెండోదే నన్ను తినేస్తోంది.

డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. ఇంతవరకు మళ్లీ మూత తీయలేదు.

ఈ నెల మాదాపూర్ నుంచి మెయిల్ వచ్చింది. రిజిస్టర్ అయి ఐదేళ్లు దాటింది, మార్కు ఇంకా వాడుతున్నామని రాసివ్వాలట. పాత వివరాల్లో మార్పులేమైనా ఉన్నాయా మేడమ్ అని అడిగారు. ఏం మార్పు చెప్పను? ఇప్పుడు ఆ వాక్యం నిజం. నా అబద్ధాన్ని ఆవిడ చనిపోయి నిజం చేసింది. అది చదివి వంటింట్లో నేల మీద చతికిలబడి ఏడ్చాను. జవాబు ఇంకా ఇవ్వలేదు. ఇస్తాననే అనుకుంటున్నాను. షెడ్డు మీద ఆధారపడి కొన్ని కుటుంబాలున్నాయి, పైగా నా సంగతి నాకు తెలుసు.

ఇది రాసినందువల్ల ఏదీ బాగుపడదు. కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే. అయినా అక్కడ రాయనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ బొమ్మ సిస్టరమ్మది. నేను మెయిల్ పెట్టిన పొద్దున ఆవిడ బతికే ఉంది, కింద గుమ్మం ముందు గల్లీ పిల్లలు ముగ్గురికి చెప్పులు ఎక్కడ విడవాలో చెబుతూ కేకలేస్తోంది, నాకు వినబడుతూనే ఉంది. ముందు రోజే ఆవిడని అడిగాను. వద్దంది.