మంచంకోడు లాంటి కలం

మా బాపుకు సంతకం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. బడిలో అరవై మందికి ఒకేసారి అక్షరాలు దిద్దించే నాకు, ఇంట్లో కన్నతండ్రి ఒక్కడితో ప్రాణం విసిగిపోయింది. తప్పు ఆయనది కాదు. నలభై ఏళ్లు నాగలి మేడి పట్టిన వేళ్లలో నా ఫౌంటెన్ పెన్ను నిలిచేది కాదు.

"గిది చీపురు పుల్ల లెక్కున్నది బిడ్డా. పట్టుకున్ననో లేదో నాకే తెలుస్తలేదు" అనేవాడు.

అయినా వదల్లేదు. కారణం రిజిస్ట్రీ ఆఫీసు. ఊళ్లో ఎవరు భూమి అమ్మినా కొన్నా సాక్షిగా బాపునే పెద్దపల్లికి తీసుకుపోయేవారు. అక్కడి గుమస్తా ఆయన బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద అటూ ఇటూ దొర్లించేవాడు. బాపుకు అదే గిట్టేది కాదు. "నా ఏలు ఇంకొకడు పట్టుకునుడేంది? నేనేమన్న సంటి పోరగాన్నా?" అనేవాడు. నెల తిరిగితే పక్కింటాయన భూమి రిజిస్ట్రీ ఉంది. ఈసారి సంతకమే చేస్తానని ఊరంతా చెప్పి పెట్టుకున్నాడు.

లావు పెన్ను కోసం దుకాణాలన్నీ తిరిగాను. దొరకలేదు. కోపం వచ్చి నేనే చేస్తానన్నాను. అలా ఎక్కింది నాకు, కట్టెను తిప్పుతూ చెక్కే తరిమెన పిచ్చి.

మా బడి వెనక వీధిలో మంచంకోళ్లు చేసే వడ్రంగి ఉండేవాడు. ఆయన తరిమెనకు కరెంటు లేదు. కట్టెను రెండు మేకుల మధ్య బిగించి, దానికి చుట్టిన తోలుపట్టాను ఆయన భార్య అటూ ఇటూ గుంజుతుంటే కట్టె గిర్రున తిరిగేది. ఆయన ఉలి ఆనించేవాడు. ఆదివారాలు ఉలి నా చేతికిచ్చి, తాను బీడీ ముట్టించి దూరంగా కూర్చునేవాడు. ఆ దూరం ఎందుకో మొదటి రోజే తెలిసింది. నా మొదటి కట్టె ఎగిరి పెంకుల మీద పడింది.

"సారూ, నేను ఇటు గుంజినప్పుడే ఉలి ఆనియ్యాలె. అటు వొయ్యేటప్పుడు ఆనిస్తె ఎగురుతది" అంది ఆవిడ, నేను మూడో తరగతి పిల్లలతో మాట్లాడే గొంతుతోనే. మధ్యలో ఆవిడ కూర కలపడానికి లేచిపోతే, తిరగని కట్టె ముందు ఉలి పట్టుకుని కూర్చునేవాణ్ణి.

వడ్రంగికి తెలిసిన వంపులన్నీ మంచంకోళ్లవే. ఆయన చెప్పినట్టు చేస్తే నా పెన్నుకూ పైన బుడిపె, నడుమున పొట్ట, కింద సన్నని మెడ వచ్చాయి. మా హెడ్మాస్టరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మిగిలిన మూడు ఎప్పుడు చేస్తవు? నవారు నేను తెప్పిస్త" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు తప్పు కట్టె దగ్గర జరిగింది. అంతకుముందు ఇచ్చోడలో పనిచేసినప్పుడు, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె మీద నాకు మోజు పుట్టింది. తేలిక, మెత్తన, నాలాంటివాడి ఉలికి కూడా లొంగుతుంది. ఒక ముక్క తెప్పించుకున్నాను. వడ్రంగి భార్య దాన్ని గోటితో నొక్కి చూసింది.

"సారూ, గిది నీళ్లు తాగే కట్టె. బొమ్మకైతె మంచిదే. ఇంకు పోస్తె ఎట్ల?"

సైన్సు పాఠం చెప్పేవాణ్ణి, నాకు చెప్పవచ్చింది అనుకున్నాను. మూత తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనించి పచ్చని మెరుపు ఎక్కించాను. పెన్ను ఒంటికి మాత్రం వేయలేదు, బాపు వేళ్లు జారతాయని. సిరా పోయడానికి లోపల తొలిచి, పాత పెన్ను పాళీ తెచ్చి బిగించాను.

రిజిస్ట్రీకి ముందు రోజు సాయంత్రం బాపు ఆ పెన్నుతో పాత పేపరు అంచు మీద సంతకం చేశాడు. అక్షరాలు నిలబడ్డాయి. "కలమంటె గిది" అన్నాడు. ఆ సంతోషంలో నిండా సిరా పోసి, మూత గట్టిగా అదిమి గూట్లో పెట్టాను.

మర్నాడు బాపు వెంట నేనూ వెళ్లాను. ఆఫీసులో గుమస్తా అలవాటుగా స్టాంపు ప్యాడు తీసి, వేలు కోసం చేయి చాపాడు.

"జర ఆగు. నాది సంతకం" అని బాపు జేబులోంచి మంచంకోడు తీశాడు. అప్పటికే జేబు నీలంగా ఉంది. మూత రాలేదు. రాత్రంతా సిరా తాగిన పొనికి ఉబ్బిపోయి మూతను పట్టేసుకుంది. బాపు గుంజాడు. నేను గుంజాను. ఇద్దరం చెరో కొస పట్టుకుని గుంజాం. భూమి అమ్మేవాడూ కొనేవాడూ కూడా తలో చెయ్యి వేశారు. వాళ్లిద్దరూ ఏకమైన పని ఆ రోజు అదొక్కటే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మూడు నెలల అక్షరాలు ఆ మూత కిందే ఉండిపోయాయి.

గుమస్తాకు జాలి కలిగింది. "పరేషాన్ ఎందుకు పెద్దమనిషీ, నా కలం తీస్కో" అన్నాడు.

బాపు ఆ కలం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "వద్దు. నా కొడుకు చేసిన కలం ఉన్నది" అన్నాడు.

తర్వాత తన చేయి చూసుకున్నాడు. గుంజీ గుంజీ బొటనవేలు నిండా నీలమే. గుమస్తా ఆ వేలు అందుకోబోతే చేయి వెనక్కు తీసుకున్నాడు.

"ఎవ్వలు పట్టొద్దు" అని, వంగి, తానే కాగితం మీద ఒత్తాడు. ముద్ర ఒక్క గీత చెదరకుండా పడింది.

ఇద్దరం ఇంటి దారి పట్టాం. బాపు పెన్నును నీలం జేబులో సర్దుకున్నాడు.

"ఇంకోటి చెయ్యి బిడ్డా. ఈసారి మూత వద్దు."