మా ఇంటి చర్మానికి పట్టిన అలవాటు

మా తాతగారికి ఈ దీవిలో సాంత్ర్ ద ఫ్లాక్ అనే ఊరి దగ్గర చెరకు భూములుండేవి. నేను పుట్టేసరికి మిగిలింది ఫ్రాన్స్ నుంచి తెప్పించిన ముఖం క్రీము సీసా ఒకటి, బంగారు రంగు మూతతో. అందులోని క్రీము భూముల కన్నా ముందే అయిపోయింది. మా నాన్న అక్కగారు, అంటే మా అత్త, కొబ్బరినూనె, కొవ్వొత్తి మైనం, కర్పూరం కలిపి కాచి ఆ సీసా నింపుతూ వచ్చేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ అనేవాళ్ళం కాదు.

పదహారో ఏట నా వంతు వచ్చింది. రోజూ స్నానం కాగానే రాసుకోవాలి. మొదటి నెల ముఖమంతా మొటిమలు. రెండో నెల ముక్కు మీద పొట్టు లేచింది. మూడో నెలకు చర్మం ఎదురు చెప్పడం మానేసింది. మెత్తబడి, ఈగ వాలితే జారిపోయేంతగా మెరిసింది.

"చూశావా, దారికొచ్చింది," అంది అత్త. "మన చర్మానికి ఓపిక ఎక్కువ."

నాలుగేళ్ళకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మైదానంలో జెండా ఎగరేస్తారన్నారు. ఊళ్ళో ఏ సభ జరిగినా మొదటి వరుసలో మా ఇంటికి ఒక కుర్చీ వేసేవారు. మాకు మిగిలిన గౌరవం అదొక్కటే. ఇప్పుడు కుర్చీలు వేయించేది ఒకప్పుడు మా బండి తోలినవాడి కొడుకు. ముందురోజు ఇంటికొచ్చాడు.

"అత్తా, మీరు రాకపోతే చెప్పండి. మా అమ్మ కూచుంటుంది."

"వస్తున్నా," అంది అత్త.

ఆ సాయంత్రమే క్యూర్‌పైప్‌లో గుమాస్తాగా ఉన్న బాబాయి, పండుగ కదా అని, అదే క్రీము కొత్త సీసా తెచ్చాడు. అసలుది. అత్తా నేనూ రాసుకున్నాం. తెల్లారేసరికి ఇద్దరి ముఖాలూ ఉడికిన బీట్‌రూట్లలా ఉన్నాయి. అత్త కళ్ళు గీతలైపోయాయి.

"ఇది నకిలీ," అంది.

"అక్కా, ఇదే అసలుది. సీలు నా ఎదుటే విప్పించాను."

"అసలుదైతే మన ముఖాల్ని గుర్తుపట్టదా?"

ఆ వాదనలో తప్పు నాకు ఇప్పటికీ కనిపించలేదు.

ఇంట్లో ఉండిపొమ్మని బాబాయి బతిమాలాడు. కుర్చీ పోతుందని అత్త పట్టుచీర కట్టింది. చెయ్యి పట్టుకుని నడిపించాను. మైదానంలో బండివాడి కొడుకు మమ్మల్ని చూసి అదిరిపడ్డాడు.

"ఆయో! కి అరివే అత్తా, ఏమైంది? కందిరీగలు కుట్టాయా?"

"మా ఇంటివాళ్ళని కుట్టే ధైర్యం వాటికెక్కడిది?" అంటూ అత్త తడుముకుని కూర్చుంది.

వెనకాలే వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆమె చూపంతా కుర్చీ మీదే. జెండా పైకి వెళ్ళే వేళ అందరూ లేవాలన్నారు. అత్త లేచింది. లేస్తూనే నా భుజం పట్టి కుర్చీలోకి నొక్కేసింది.

"లేవకు. లేచావంటే ఆవిడ కూచుంటుంది."

"అత్తా, జెండా..."

"జెండా రేపూ ఉంటుంది."

అలా మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఘడియలో ఆ మైదానం మొత్తానికి కూర్చుని ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. వీపు మాత్రం నిటారుగా ఉంచాను.